అనువంశికత, పరిసరములు, అలవాట్లు: మనసు ఎట్లు రూపొందును?

మన తెలుగు నాట మనిషి బుద్ధిని గురించి మూడు సామెతలు వాడుకలో ఉన్నవి. 'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు' అని ఒకటి. 'ఆరు నెలలు సావాసము చేస్తే వారు వీరవుతారు' అని రెండవది. 'అభ్యాసము కూసు విద్య' అని మూడవది. మొదటిది రక్తమును నమ్మినది. రెండవది సాంగత్యమును నమ్మినది. మూడవది అలవాటును నమ్మినది. మూడింటిని చెప్పినవారు మన పెద్దలే. ఒకే ఇంటిలో ఒకే అవ్వ నోట సందర్భమును బట్టి ఈ మూడింటిని వినవచ్చును. అయితే వీటిలో ఏది నిజము?

ఇది కేవలము పాండిత్యమునకు సంబంధించిన ప్రశ్న కాదు. గత సంవత్సరము ఒకనాడు తరగతి ముగిసిన పిదప ఒక విద్యార్థి అందరు వెళ్ళిపోవు వరకు ఆగి, నా వద్దకు వచ్చి మెల్లగా ఇట్లు అడిగినాడు: "సార్, మా మేనమామకు మతి సరిగ లేదు. మా అక్కకు వచ్చిన సంబంధము అందుకే తప్పిపోయింది. ఖాందాన్‌లోనే ఉన్నదని అన్నారు. రేపు నాకు కూడ వస్తదా?" ఆనాడు నేను అతనికి ధైర్యము చెప్పి పంపినాను గాని సమగ్రమైన సమాధానము చెప్పలేదు. ధైర్యము వేరు, సమాధానము వేరు. అట్టి ప్రశ్నను మనసులోనే అణచుకొన్న విద్యార్థులు మన తరగతులలో ఇంకను కొందరు ఉందురని నా విశ్వాసము. వారందరి కొరకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

అనువంశికత

తలిదండ్రుల లక్షణములు సంతానమునకు సంక్రమించుటను అనువంశికత అందుము. బఠాణీ మొక్కలపై చేసిన ప్రయోగముల ద్వారా గ్రెగర్ మెండెల్ 1866లో దీని సూత్రములను ప్రకటించినాడు. మానవుని జన్యు సముదాయమును చదువు మహాకార్యము 2003లో ముగిసినట్లు ప్రకటింపబడినది. మన దేహములోని మాంసకృత్తుల నిర్మాణమునకు ఆదేశములిచ్చు జన్యువులు సుమారు 20,000 కలవని తేలినది.

మానసిక వ్యాధులలో అనువంశికతకు పాత్ర ఉన్నదా? నిస్సంశయముగా ఉన్నది. దానిని దాచుట శాస్త్రము కాదు. అయితే ఆ పాత్ర ఎంత అన్నదే మనము గ్రహింపవలసిన విషయము. తీవ్రమైన మానసిక వ్యాధియగు స్కిజోఫ్రీనియాను ఉదాహరణగా తీసికొందము. సామాన్య జనములో ఇది వందమందిలో సుమారు ఒకరికి వచ్చును. తల్లికి గాని తండ్రికి గాని ఈ వ్యాధి ఉన్నచో సంతానమునకు వచ్చు అవకాశము వందకు సుమారు 10. మేనమామకు ఉన్నచో ఆ అవకాశము వందకు నాలుగును మించదు. అనగా వందమంది మేనల్లుళ్ళలో 96 మందికి పైగా ఆ వ్యాధి రానివారే.

ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యమును కవలలు ఇచ్చినారు. ఒకే అండము నుండి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు ఒక్కటే. వ్యాధి కేవలము జన్యువుల వలననే వచ్చునదైనచో, ఒకరికి వచ్చినప్పుడు రెండవవారికి తప్పక రావలెను. కాని అట్లు రెండవవారికి వచ్చినది సగముకంటె తక్కువ సందర్భములలోనే. మిగిలిన సందర్భములలో అవే జన్యువులు గల మనిషి ఆ వ్యాధి లేకుండ జీవించుచున్నాడు.

ఒకప్పుడు శాస్త్రజ్ఞులు 'కుంగుబాటు జన్యువు', 'పిచ్చి జన్యువు' అని ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క జన్యువును వెదకినారు. ఆ వెదకులాట ఫలింపలేదు. 2014లో వెలువడిన ఒక మహాపరిశోధనలో స్కిజోఫ్రీనియాతో సంబంధము గల స్థానములు జన్యు సముదాయములో 108 కనుపించినవి. తరువాతి పరిశోధనలలో ఆ సంఖ్య మరింత పెరిగినది. వీటిలో దాదాపు ప్రతి ఒక్కటి చేయు ప్రభావము అత్యల్పము. అట్టి చిన్న చిన్న మొగ్గులు మనలో ప్రతి ఒక్కరి యందును కొన్ని ఉన్నవి. కనుక 'మా వంశము శుద్ధమైనది, వారి వంశము చెడ్డది' అని గీత గీయుటకు శాస్త్రములో తావు లేదు.

జన్యువు ఉన్నంత మాత్రమున ఫలితము కలుగదని తెలుపు ఉదాహరణ మన తెలుగువారిలోనే కలదు. శస్త్రచికిత్స సమయమున కండరములను సడలించుటకు సక్సినైల్ కోలిన్ అను మందును ఇత్తురు. దాని ప్రభావము సామాన్యముగా కొన్ని నిమిషములలో తీరిపోవును. ఆర్యవైశ్య సముదాయములో కొందరికి ఒక జన్యు భేదము వలన ఈ మందు త్వరగా విరుగదు. వారు గంటల తరబడి స్వయముగా శ్వాస పీల్చలేని స్థితిలో ఉందురు. ఆ మందు తగులనంత వరకు వారు సంపూర్ణ ఆరోగ్యవంతులే. వైద్యునికి ముందుగా తెలిపినచో వేరొక మందు వాడును, కథ అంతటితో ముగియును. జన్యువు లోపల ఉన్నది, ప్రమాదము బయట ఉన్నది. రెండును కలిసినప్పుడే ఆపద.

బుద్ధి వికాసమునకు సంబంధించి ఇట్టిదే మరియొకటి ఫినైల్ కీటోన్యూరియా. నార్వే దేశపు వైద్యుడు ఆస్బ్యోర్న్ ఫోలింగ్ 1934లో దీనిని కనుగొన్నాడు. ఈ జన్యు దోషముతో పుట్టిన శిశువునకు సామాన్య ఆహారమే విషమై బుద్ధి మాంద్యము కలుగును. పుట్టిన వెంటనే రక్త పరీక్ష ద్వారా గుర్తించి ఆహారమును మార్చినచో ఆ బిడ్డ అందరివలెనే చదువుకొనును. జన్యువు మారలేదు, కంచములోని అన్నము మారినది.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక అవసరము. మేనరికములు, దగ్గరి రక్త సంబంధములలో వివాహములు మన హిందూ కుటుంబములలోను ముస్లిం కుటుంబములలోను కలవు. తలిదండ్రులు ఇరువురిలోను ఒకే దోషము దాగి ఉన్నప్పుడు మాత్రమే బయటపడు కొన్ని వ్యాధులు, వానిలో బుద్ధి మాంద్యము కలిగించునవి కొన్ని, ఇట్టి వివాహముల వలన అధికమగును. ఇది ఎవరిని నిందించుటకు చెప్పిన మాట కాదు. కుటుంబములో అట్టి బిడ్డలు లోగడ పుట్టి ఉన్నచో వివాహమునకు పూర్వమే వైద్యుని సలహా అడుగుట వివేకము.

పరిసరములు

పరిసరములనగా చెట్లు, గాలి, నీరు మాత్రమే కావు. తల్లి గర్భము మన మొదటి పరిసరము. తరువాత ఇల్లు, వంట, వీధి, బడి, అప్పు, భయము, స్నేహము ఇవన్నియు పరిసరములే. వీటి బలమును తెలిసికొనుటకు మన తెలంగాణ చరిత్రలోని ఒక ఘట్టమును చూతము.

ఒకప్పుడు మన మెట్ట భూములలో పేదవాని ప్రధానాహారము జొన్న. జొన్న గటక, జొన్న రొట్టెలతోనే దినములు గడిచెడివి. పప్పు, పాలు, కూరగాయలు పండుగ నాటి మాట. అట్టి కుటుంబములలో పెల్లాగ్రా అను వ్యాధి కనుపించెడిది. ఎండ తగులు మెడ, చేతులు, పాదముల మీద చర్మము నల్లబడి పొలుసులు లేచును. నోరు పూయును, విరేచనములగును. వీటితో పాటు నిద్ర పట్టదు, మనసు కుంగును, కారణము లేని భయము పుట్టును. ముదిరినచో మతి తప్పును. హైదరాబాదు మానసిక చికిత్సాలయమునకు తేబడిన రోగులలో సైతము పెల్లాగ్రా పీడితులు ఉండిరి. ఊరివారు గాలి సోకినదని కొందరు, వంశ దోషమని కొందరు అనుకొని ఉందురు.

1958లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా పేరొందిన పరిశోధనాలయములో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు ఈ వ్యాధిని పరిశీలించినారు. దేహమునకు నియాసిన్ అను విటమిను చాలకపోవుటయే పెల్లాగ్రాకు మూలము. జొన్నలో అధికముగా ఉండు ల్యూసిన్ అను పదార్థము ఆ విటమిను తయారీకి అడ్డు తగులుచున్నదని వారు 1960లో ప్రతిపాదించినారు. ఈ వివరణపై తరువాత శాస్త్రజ్ఞుల మధ్య చర్చ జరిగినది. కాని విటమినుతో వ్యాధి తగ్గుట విషయమున చర్చ లేదు. ఆ విటమినును ఇచ్చినచో రోగి కొద్ది దినములలోనే తేరుకొనెడివాడు. చర్మముకంటె ముందు మనసు కుదుటపడుట కూడ కలదు.

ఇదే వ్యాధి 20వ శతాబ్ది ఆరంభములో అమెరికా దక్షిణ రాష్ట్రములలో మొక్కజొన్న తిని బ్రతుకు పేదలను పట్టి పీడించినది. అక్కడి పిచ్చాసుపత్రులు ఆ రోగులతో నిండినవి. చార్లెస్ డావెన్‌పోర్ట్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు 1916లో ఈ వ్యాధికి వంశమే ముఖ్య హేతువని వాదించినాడు. ఒకే కుటుంబములో పలువురికి వచ్చుట అతని ఆధారము. కాని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు 1914 నుండియే అనాథాశ్రమములలో పిల్లలకు పాలు, మాంసము, చిక్కుళ్ళు పెట్టించి వ్యాధిని మాన్పి చూపినాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యం నియాసిన్ వలన ఆ వ్యాధి నయమగునని నిరూపించిన పిమ్మట వాదము ముగిసినది. ఒకే కుటుంబములో పలువురికి వ్యాధి వచ్చినదనగా రక్తము ఒకటే అని మాత్రమే అర్థము కాదు, అన్నపు కుండ ఒకటే అని కూడ కావచ్చును. డావెన్‌పోర్ట్ వంటి పండితుడే ఇందు పొరబడినప్పుడు, పెండ్లి సంబంధములు చూచు మధ్యవర్తి మాటను మనము వేదవాక్యముగా తీసికొనవలెనా?

1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రెండు రూపాయలకు కిలో బియ్యము పథకమును ప్రారంభించినది. క్రమముగా ఆహారము మారినది, నేడు పెల్లాగ్రా అరుదైన వ్యాధి. ఇందువలన జొన్న చెడ్డ ధాన్యమని ఎవరును తలంపరాదు. పప్పు, పాలు, కూరలతో కలిసిన జొన్న శ్రేష్ఠమైన ఆహారమే. దోషము జొన్నది కాదు, జొన్న తప్ప మరేమియు లేని పేదరికముది.

శ్రీకాకుళములో 1921లో జన్మించిన మన తెలుగువాడు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి హిమాలయపు అంచున గల కాంగ్రా లోయలో ఇట్టిదే మరియొక సత్యమును చాటినాడు. ఆ నేలలో, నీటిలో అయోడిన్ లేదు. అందుచేత గొంతు వాపు, గర్భమందే మెదడు ఎదుగక పుట్టు బిడ్డలు ఆ కొండ ప్రాంతముల శాపమై ఉండెను. 1956లో ఆయన బృందము అక్కడి ప్రజలకు అయోడిన్ కలిపిన ఉప్పును పంచు ప్రయోగము ఆరంభించినది. ఏండ్లు గడచిన కొలది గొంతు వాపు గణనీయముగా తగ్గినది. నేడు మన ఇంటి ఉప్పు పొట్లముపై 'అయోడైజ్డ్' అను మాట చదువునప్పుడు ఆ పరిశోధనను స్మరింపవలెను. చిటికెడు ఉప్పు ఒక తరము బుద్ధిని కాపాడగలదు.

తల్లి ఆకలి బిడ్డ మనసును తాకునా? 1944–45 చలికాలమున యుద్ధము వలన హాలెండు దేశములో తీవ్రమైన కరవు వచ్చినది. ఆ నెలలలో కడుపున పడిన శిశువులు పెద్దవారైన పిదప వారిలో స్కిజోఫ్రీనియా సామాన్యముకంటె అధికముగా కనుపించినది. సుమారు 60 ఏండ్ల తరువాత వారి రక్తమును పరీక్షింపగా కొన్ని జన్యువులపై ఉండు రసాయనిక గుర్తులు మారి ఉన్నట్లు 2008లో తేలినది. జన్యువు అక్షరమైనచో ఈ గుర్తులు విరామ చిహ్నముల వంటివి. అక్షరము మారదు, చదువు తీరు మారును. కనుక గర్భవతికి కడుపునిండ అన్నము, మనసునిండ నెమ్మది కల్పించుట కేవలము మర్యాద కాదు, రాబోవు తరమునకు వైద్యము.

మన జిల్లాల అనుభవము

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడక పూర్వము ప్రధానముగా వరంగల్లు జిల్లాలో భాగములు. ఆ వరంగల్లు జిల్లా 1997–98లో చూచిన దుఃఖము మన పెద్దలకు జ్ఞాపకమే. పత్తి చేలపై పురుగు విరుచుకుపడినది. మందుపై మందు కొట్టినను పంట దక్కలేదు. విత్తనము, ఎరువు, మందు అన్నియు అప్పు మీద తెచ్చినవే. అనేక చోట్ల సరుకు అమ్మినవాడే అప్పు ఇచ్చినవాడు. ఆ కాలమున రాష్ట్రములో వందలాది రైతులు తమ ప్రాణములను తీసికొన్నారు, ఆ విషాదములో వరంగల్లు జిల్లా ముందు నిలిచినది. అప్పటి వరకు ధైర్యముగా సేద్యము చేసిన కుటుంబముల రక్తము ఒక్క ఏడాదిలో మారునా? మారినది పంట, ధర, అప్పు. ఒంటరితనము వానికి తోడైనది.

పరిసరములను మార్చినచో ప్రాణములు నిలుచునా అను ప్రశ్నకు పొరుగున ఉన్న శ్రీలంక సమాధానము చెప్పినది. 1995 నాటికి ఆత్మహత్యల రేటులో ప్రపంచమున అగ్రశ్రేణిలో ఉన్న ఆ దేశము అతి విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించినది. 2015 నాటికి ఆ రేటు సుమారు 70 శాతము తగ్గినది. ఆ 20 ఏండ్లలో శ్రీలంక ప్రజల జన్యువులు మారలేదు. తీవ్రమైన నిరాశ తరచుగా ఒక అల వంటిది. ఆ గడియ దాటించగల పరిసరము ఉన్నచో మనిషి నిలుచును.

విద్యార్థులకు పరీక్షలే పెద్ద పరిసరము. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత తెలంగాణలో 20 మందికి పైగా బిడ్డలను మనము పోగొట్టుకొన్నాము. ఫలితముల ప్రక్రియలో దోషములు జరిగినవని ప్రభుత్వము నియమించిన త్రిసభ్య సంఘము గుర్తించినది. మార్కుల కాగితము తప్పు కావచ్చును, ఒప్పు కావచ్చును. ఏదైనను అది ఒక దినపు పరీక్షకు కొలత మాత్రమే, మనిషికి కొలత కాదు.

అలవాట్లు

జనగామ చెంత పెంబర్తి గ్రామమును చూచినవారికి అలవాటు యొక్క శక్తిని వేరుగా చెప్పనవసరము లేదు. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకుపై సుత్తితో మెల్లగా, మరల మరల కొట్టుదురు. ఒక దెబ్బ వలన ఏమియు కనుపింపదు. కొన్ని వేల దెబ్బల తరువాత రేకుపై లత పూయును. మెదడు కూడ అట్టిదే. కలిసి పని చేయు నాడీకణముల మధ్య సంబంధము బలపడునని డొనాల్డ్ హెబ్ 1949లోనే సూచించినాడు. లండను నగరములోని వేలాది వీధులను కంఠస్థము చేసిన టాక్సీ డ్రైవర్ల మెదడులో, దారులను జ్ఞప్తి యందుంచుకొను భాగపు వెనుక అంశము ఇతరులకంటె పెద్దదిగా ఉన్నదని 2000లో ఎలినార్ మగ్వైర్ బృందము చూపినది.

మరి అలవాటు కుదురుటకు ఎన్ని దినములు పట్టును? 21 దినములని ఒక వాడుక కలదు గాని దానికి ఆధారము లేదు. లండను విశ్వవిద్యాలయ కళాశాలలో జరిగి 2010లో ప్రచురితమైన పరిశోధనలో సగటున 66 దినములు పట్టినవి. కొందరికి 18 దినములు చాలినవి, కొందరి విషయమున లెక్క 254 దినముల వరకు పోయినది. నడుమ ఒకనాడు తప్పినంత మాత్రమున ప్రయత్నము చెడిపోలేదని కూడ ఆ పరిశోధన తెలిపినది. 'నిన్న తప్పినాను, ఇక నా వల్ల కాదు' అని వదలివేయు విద్యార్థికి ఇంతకంటె మంచి వార్త ఏమి కావలెను?

అలవాటు మనలను నిలబెట్టినట్లే పడగొట్టను గలదు. 2015లో తెలంగాణ ప్రభుత్వము కల్తీ కల్లుపై చర్య తీసికొన్నప్పుడు వందలాది మంది వణుకు, మూర్ఛలు, నిద్రలేమి, పొంతన లేని మాటలతో ఆసుపత్రుల పాలైనారు. కల్లులో కలిపిన అల్ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థములకు వారి మెదడు అలవాటు పడి ఉండెను. వారు దుర్మార్గులు కారు, పగలంతయు కష్టించి సాయంత్రము కల్లు కాంపౌండుకు పోయిన కూలీలు, శ్రామికులు. ఇందులో రెండు పాఠములు కలవు. వ్యసనము నీతి లోపము కాదు, మెదడులో కలిగిన మార్పు. అట్టి వ్యసనమును మొండిపట్టుతో ఒక్కసారి మానుట ప్రమాదకరము, వైద్యుని పర్యవేక్షణలో క్రమముగా మానవలెను.

ఒంటరిగా మానలేని దానిని ఊరు కలిసి మాన్పించుట కూడ మన తెలుగు నేల చూచినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామపు స్త్రీలు అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చుకొనుచు, ఊరి నుండి సారాను తరిమినారు. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమునకు దారి తీసినది. ఒక్కొక్క మగవాని అలవాటు మారుటకు ముందు ఊరి పరిసరము మారవలసి వచ్చినది.

ఇక నిద్ర. జీవుల లోపల కాలమును కొలుచు జన్యువుల పనితీరును కనుగొన్నందుకు 2017లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి లభించినది. జన్యువు గడియారమును ఇచ్చినది, వెలుతురు దానికి కీలు ఇచ్చును, మన అలవాటు దానిని సరిగా నడుపును లేదా చెడగొట్టును. భూపాలపల్లి గనులలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగటి పూట నిద్రించునప్పుడు ఇంటిలో నిశ్శబ్దమును పాటించుట ఆయన మనసుకు చేయు సేవ. ఏ షిఫ్టు లేకుండనే ఫోను చేతబట్టి రాత్రి రెండు గంటల వరకు మేల్కొను విద్యార్థి తన గడియారమును తానే పగులగొట్టుకొనుచున్నాడు. 14 నుండి 17 ఏండ్లవారికి 8 నుండి 10 గంటలు, ఆపై యువకులకు 7 నుండి 9 గంటలు నిద్ర అవసరమని వైద్యులు చెప్పుచున్నారు.

ఈ మాటలు మన ప్రాచీనులకు క్రొత్తవి కావు. ఇబ్న్ సీనా (980–1037) గ్రంథమునకు నేటికిని గౌరవమిచ్చు యునానీ వైద్యములో 'అస్బాబె సిత్తా జరూరియా' అను ఆరు తప్పనిసరి కారణములు చెప్పబడినవి. గాలి, అన్నపానములు, దేహపు కదలిక–విశ్రాంతి, మనసు యొక్క కదలిక–విశ్రాంతి, నిద్ర–మెలకువ, దేహములో నిలుచునవి–విసర్జింపబడునవి, ఇవి ఆ ఆరు. ఆయుర్వేదము ప్రకృతితో పాటు దినచర్యకు పెద్ద పీట వేసినది. పుట్టుకతో వచ్చిన తబియత్ ఒకటి ఉన్నదని రెండు శాస్త్రములును ఒప్పుకొన్నవి, దానిని సరిదిద్దు దారి నిత్య జీవితములో ఉన్నదనియు రెండును చెప్పినవి.

వ్యక్తిలో మార్పు, దాని హద్దులు

ఇంతవరకు చెప్పిన దానిని సేద్యపు భాషలో చెప్పుకొందము. జన్యువు విత్తనము. పరిసరములు నేల, నీరు. అలవాటు దున్నుట, కలుపు తీయుట. మంచి విత్తనము రాతి నేలలో ఎండిపోవును. సామాన్య విత్తనము మంచి సేద్యములో గింజ పట్టును. మూడింటిలో మొదటిది మన చేతిలో లేదు. రెండవది కొంత మన చేతిలో, ఎక్కువ సమాజపు చేతిలో ఉన్నది. మూడవది ఎక్కువగా మన చేతిలో ఉన్నది.

అయితే ఇచట ఒక అపార్థమునకు అవకాశము కలదు. 'అలవాట్లు మన చేతిలో ఉన్నప్పుడు, కుంగినవాడు తనంతట తానే లేవవచ్చును గదా, లేవనిచో సోమరి' అని కొందరు అందురు. ఇది వంశమును నిందించుటకంటె తక్కువ క్రూరము కాదు. వరదలో మునిగిన పొలమున కలుపు తీయుమని రైతును గద్దింపము గదా! ముందు నీరు పోవలెను. తీవ్రమైన కుంగుబాటులో మందులు, మనోవైద్యుని సంభాషణ ఆ నీటిని తోడు సాధనములు. అలవాట్ల పని ఆ పిమ్మట, వాటితో పాటు.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో వయోజనులలో వందకు 10 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. చికిత్స అవసరమైనవారిలో 70 శాతమునకు పైగా చికిత్స పొందలేదు. మానసిక సమస్యలలో సగము 14 ఏండ్ల లోపు, నాలుగింట మూడు వంతులు 24 ఏండ్ల లోపు ఆరంభమగునని 2005లో వెలువడిన ఒక అమెరికా సర్వే తెలిపినది. అనగా ఇది ముసలివారి సమస్య కాదు, బడి, కళాశాలల సమస్య.

నిజాము కాలమున మన ప్రాంతపు మానసిక రోగులను దూరమున ఉన్న జాల్నాకు పంపెడివారు. 1953లో ఆ చికిత్సాలయము హైదరాబాదు ఎర్రగడ్డకు మారినది. అప్పటి నుండి 'ఎర్రగడ్డ' అను ఊరి పేరే ఒక ఎగతాళి మాట అయినది. ఒక ఆసుపత్రి పేరును తిట్టుగా వాడు సమాజములో రోగి ఎట్లు ధైర్యముగా గడప దాటును? కాలము మారినది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్సను హక్కుగా గుర్తించినది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడికి గురియైనవాడుగా భావించి సంరక్షింపవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. 2022లో మహబూబాబాద్‌లోను, 2023లో జనగామ, భూపాలపల్లిలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. 2022 అక్టోబరు 10న ఆరంభమైన 'టెలీ మానస్' సేవకు 14416 అను నంబరుపై ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో మాటలాడుదురు. ఈ నంబరును మన విద్యార్థులు తమ నోటు పుస్తకపు మొదటి పుటలో వ్రాసికొందురు గాక.

మన కర్తవ్యము

కళాశాల కమిటీ పెద్దలకు ఈ వ్యాసకర్త సవినయముగా మనవి చేయునవి నాలుగు. మొదటిది, ఫలితములు వెలువడు వారములో ప్రతి తరగతికి ఒక ఉపాధ్యాయుని నియమించి, తప్పిన విద్యార్థుల ఇండ్లకు పంపవలెను. రెండవది, జిల్లా ఆసుపత్రి మనోవైద్యుని సంవత్సరమునకు రెండు పర్యాయములైనను పిలిపించి తెలుగులోను ఉర్దూలోను ప్రసంగింపజేయవలెను. మూడవది, ఆటస్థలమును పరీక్షల మాసములో మూసివేయరాదు, ఆ మాసముననే దాని అవసరము ఎక్కువ. నాలుగవది, మార్కుల పట్టికను గోడపై అంటించి చివరి పేర్లను చదివి నవ్వు ఆచారము ఎక్కడ ఉన్నను మానవలెను.

విద్యార్థి సోదర సోదరీమణులకు చెప్పదగినది స్వల్పము. వేళకు నిద్రించుట, దినమునకు అర్ధగంట నడక లేదా ఆట, ఇంటివారితో కలిసి ఒక పూట భోజనము, మనసు విప్పుటకు ఒక స్నేహితుడు. వీటిలో ఒక్కదానితో ఆరంభింపుడు. 66 దినములు గడువనిండు. తోటివాడు మౌనముగా మారినప్పుడు, తరగతికి రానప్పుడు, 'నేను లేకుంటే ఏమి' అన్నట్లు మాటలాడినప్పుడు నవ్వి ఊరకుండక, ప్రక్కన కూర్చుండి అడుగుడు, పెద్దలకు తెలుపుడు. అది చాడీ చెప్పుట కాదు, ప్రాణము నిలుపుట.

ఇక ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నకు వత్తును. నాయనా, మీ మేనమామ వ్యాధి నీకు వచ్చు అవకాశము ఇతరులకంటె కొద్దిగా ఎక్కువ, రాకుండు అవకాశము అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. మత్తు పదార్థముల జోలికి పోకుము, ముఖ్యముగా గంజాయి అట్టి మొగ్గు ఉన్నవారిని త్వరగా పడద్రోయును. నిద్రను కాపాడుకొనుము. మనసు కలత చెందినచో సిగ్గుపడక ముందుగానే వైద్యుని చూడుము. మీ అక్క సంబంధమును తప్పించినది రక్త దోషము కాదు, తెలియనితనము. ఇంకొక మాట. ఇంటి వెనుక గదిలో కూర్చుండబెట్టిన మీ మేనమామను ఆసుపత్రికి తీసికొని పొమ్ము, అతనితో కలిసి అన్నము తినుము. అతని రేపటి దినము కూడ ఇంకను వ్రాయబడి పోలేదు.

మూడు సామెతలలో ఏది నిజమని మొదట అడిగితిమి. మూడింటిలోను కొంత నిజమున్నది. కాని పుట్టుకను గురించిన సామెత ఒక్కదానినే పట్టుకొని మనిషిని కొలుచుట అన్యాయము. మిగిలిన రెండింటిని కలుపుకొని చూచినప్పుడే మనిషి మారగలడన్న ఆశకు చోటు దొరకును. విద్యాలయములు వెలసినది ఆ ఆశ మీదనే గదా!